పొట్ట మీద అంటించిన చీటీ: మార్లిన్ మన్రో నొప్పి కథ

1952 ఏప్రిల్ 28. లాస్ ఏంజెలెస్‌లోని సీడార్స్ ఆఫ్ లెబనాన్ ఆస్పత్రిలో ఒక అపెండిక్స్ ఆపరేషన్‌కు అంతా సిద్ధమైంది. సర్జన్ పేరు మార్కస్ రాబ్విన్. బల్ల మీద పడుకున్న పేషెంటు వయసు పాతికేళ్లు. పైన కప్పిన బట్ట తొలగించగానే ఆమె పొట్ట మీద టేపుతో అంటించిన కాగితం ఒకటి కనిపించింది. పెన్సిల్‌తో రాసినది. కత్తి పెట్టే ముందు తప్పకుండా చదవాలని పైనే ఉంది.

వీలైనంత తక్కువ కోయమని ఆ చీటీలో మొదటి విన్నపం. ఇదంతా అందం గురించిన బెంగ అనిపించవచ్చు గానీ అసలు సంగతి అది కాదని, తాను ఆడమనిషినన్న విషయం తనకు చాలా ముఖ్యమని రాశారామె. డాక్టరుకూ పిల్లలున్నారు కాబట్టి ఆ మాటకు అర్థమేమిటో ఆయనకు తెలిసే ఉంటుందని గుర్తు చేశారు. చివర్లో అసలు విషయానికి వచ్చారు. అండాశయాలు మాత్రం తీసేయవద్దని, పెద్ద మచ్చలు పడకుండా చూడమని వేడుకున్నారు.

ఆ పేషెంటు మార్లిన్ మన్రో. అప్పటికింకా పెద్ద తార కాదు. రాబోతున్న తార. ఆ చీటీ తర్వాత ఆమె జీవిత చరిత్రలన్నింటిలోనూ చోటు సంపాదించింది. చాలాచోట్ల దాన్ని ఒక ముద్దు ముచ్చటగా, సినిమా అందగత్తెకు మచ్చల మీదున్న భయంగా చెప్పి వదిలేశారు. కానీ అపెండిక్స్ తీయడానికి వచ్చిన సర్జన్‌కు అండాశయాల జోలికి వెళ్లవద్దని ఎందుకు చెప్పుకోవాల్సి వచ్చిందన్నదే అడగాల్సిన ప్రశ్న. దానికి జవాబు ఆమె బాల్యంలోనూ, ఆనాటి వైద్యం తీరులోనూ ఉంది.

ఇళ్లు మారిన పిల్ల

నార్మా జీన్ 1926 జూన్ 1న లాస్ ఏంజెలెస్‌లోని ప్రభుత్వాస్పత్రిలో పుట్టింది. తల్లి గ్లాడిస్ సినిమా ల్యాబ్‌లో నెగెటివ్‌లు కత్తిరించి అతికించే పనిలో ఉండేది. తండ్రి ఇంట్లో లేడు. పుట్టిన కొద్ది రోజులకే పాపను హాథోర్న్‌లో బోలెండర్ దంపతుల ఇంట పెంపకానికి ఇచ్చారు. ఏడేళ్ల వయసులో తల్లి ఇల్లు కొని కూతుర్ని తెచ్చుకుంది. ఆ సంతోషం కొన్ని నెలలే. 1934లో గ్లాడిస్‌కు మతి చలించింది, ఆమెను మానసిక చికిత్సాలయంలో చేర్చారు. ఆ తర్వాత తల్లి స్నేహితురాలు గ్రేస్ సంరక్షకురాలైంది. 1935లో ఆ పిల్లను అనాథాశ్రమంలో చేర్చిందీ గ్రేసే. అక్కడి నుంచి బంధువుల ఇళ్లు, తెలిసినవాళ్ల ఇళ్లు. ఎవరింట్లో ఉన్నా వాళ్లకు బరువు కాకుండా ఉండటం, నోరెత్తకుండా ఉండటం ఆ పిల్ల నేర్చుకోవాల్సి వచ్చింది.

ఆ ఇళ్లన్నింటిలో ఆమెకు ప్రేమ దొరికింది ఆనా లోయర్ దగ్గర. గ్రేస్‌కు పెద్దమ్మ వరస. 1938 నుంచి కొంతకాలం నార్మా జీన్ ఆమె దగ్గరే ఉంది. ఆనా క్రిస్టియన్ సైన్స్ మార్గాన్ని నమ్మిన మనిషి. ఆ మతంలో జబ్బుకు మందు ప్రార్థనే. నొప్పి అనేది మనసు సరిగా లేకపోవడం వల్ల కలిగే భ్రమ, మనసు దిద్దుకుంటే పోతుంది అన్నది దాని సారాంశం. ఆ పిల్లకు నెలసరి మొదలైన వయసు కూడా అదే. నెలనెలా విపరీతమైన నొప్పితో మెలికలు తిరిగేదని జీవిత చరిత్రకారులు రాశారు. తల్లి కంటే ఎక్కువగా చూసుకున్న మనిషి ఎదుట, నీ నొప్పి నిజం కాదని చెప్పే నమ్మకం మధ్య, పన్నెండు పదమూడేళ్ల పిల్ల ఆ నొప్పిని ఎలా చెప్పుకుంటుంది? ఆనాను తప్పుపట్టడం కాదు. ఆమె మంచి మనిషి. నొప్పిని నమ్మకపోవడానికి చెడ్డవాళ్లే కానక్కర్లేదు.

పదహారేళ్లకు పెళ్లయింది. గ్రేస్ కుటుంబం వేరే రాష్ట్రానికి వెళ్లిపోతోంది, పిల్లను మళ్లీ అనాథాశ్రమానికి పంపాలా, పెళ్లి చేయాలా అని ఆలోచించి 1942 జూన్ 19న పక్కింటి కుర్రాడు జిమ్ డౌగర్టీకి ఇచ్చేశారు. మన ఊళ్లలో ఎన్నో ఇళ్లు తీసుకునే నిర్ణయమే. యుద్ధం వచ్చింది, భర్త ఓడల మీద వెళ్లాడు, ఆమె విమాన భాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరింది. 1944 చివర్లో అక్కడికి వచ్చిన ఫొటోగ్రాఫర్ కంట పడింది. మోడలింగ్, ఆ తర్వాత 1946లో ట్వంటీయత్ సెంచరీ ఫాక్స్ కాంట్రాక్టు, కొత్త పేరు, విడాకులు. ఈ భాగం అందరికీ తెలిసిన కథే. 1950లో రెండు మంచి సినిమాల్లో చిన్న వేషాలు, ఫాక్స్‌తో ఏడేళ్ల ఒప్పందం. అక్కడి నుంచి ఆమె వెనక్కి చూసుకోలేదు.

కడుపు తెరిస్తే తప్ప తెలియని జబ్బు

గర్భసంచి లోపలి పొర లాంటి కణజాలం గర్భసంచి బయట, అంటే అండాశయాల మీద, ట్యూబుల మీద, పేగుల మీద, మూత్రాశయం దగ్గర పెరగడాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. హార్మోన్లకు అదీ స్పందిస్తుంది. చుట్టూ వాపు వస్తుంది, మచ్చ కడుతుంది, కొన్నిసార్లు లోపలి అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. నెలసరిలో భరించలేని నొప్పి, కలయికలో నొప్పి, మలమూత్ర విసర్జనలో నొప్పి, ఎడతెగని నీరసం, పిల్లలు కలగకపోవడం దాని లక్షణాలు. అన్నీ అందరికీ ఉండవు. జబ్బు తీవ్రతకూ నొప్పి తీవ్రతకూ లెక్క కుదరదు. లోపల కొద్దిగానే ఉన్నా మంచం పట్టేవాళ్లున్నారు, చాలా ఉన్నా తెలియనివాళ్లున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో పిల్లల్ని కనే వయసున్న ఆడవాళ్లలో దాదాపు పదిమందిలో ఒకరికి, మొత్తం సుమారు 19 కోట్ల మందికి ఈ జబ్బుంది.

ఆ పేరును వాడుకలోకి తెచ్చింది అమెరికాలో ఆల్బనీకి చెందిన డాక్టర్ జాన్ శాంప్సన్, 1920లలో. అంటే నార్మా జీన్ పుట్టేనాటికి ఆ పేరు వయసు రెండు మూడేళ్లు మించదు. 1940లు, 50లలో అమెరికా డాక్టర్లకు ఈ జబ్బు తెలియక కాదు. తెలిసినా నిర్ధారించడానికి కడుపు కోసి చూడటం తప్ప దారి లేదు. అల్ట్రాసౌండ్ లేదు. చిన్న గాటుతో కెమెరా పంపే లాప్రోస్కోపీని పారిస్‌లో రౌల్ పామర్ అప్పుడప్పుడే స్త్రీల వైద్యంలోకి తెస్తున్నారు, అది అమెరికాలో మామూలు ఆస్పత్రులకు చేరడానికి ఇంకా ఏళ్లు పట్టింది. మందులూ అంతే. ఈ జబ్బుకని అమెరికా ప్రభుత్వం డానజోల్‌ను అనుమతించింది 1976లో. 50లలో డాక్టర్ల చేతిలో ఉన్నది ప్రధానంగా కత్తి. కడుపు తెరిచాక అండాశయాలు పాడైనట్టు కనిపిస్తే అక్కడికక్కడే తీసేయడం అసాధారణమేమీ కాదు. హార్మోన్లు ఆగితే నొప్పీ ఆగుతుంది, కేసు ముగుస్తుంది. పాతికేళ్ల మనిషికి అదే రోజు ముట్లుడిగిపోతుంది.

చీటీలో ఉన్న భయం ఇదే. పొత్తికడుపు నొప్పితో వచ్చిన యువతి కడుపు తెరిచినప్పుడు సర్జన్‌కు అపెండిక్స్ ఒక్కటే కనిపించదు. అక్కడ ఇంకేదైనా కనిపిస్తే ఏం చేయాలన్నది పూర్తిగా ఆయన ఇష్టం. పేషెంటు మత్తులో ఉంటుంది. సంతకం ముందే పెట్టి ఉంటుంది. అన్నీ తెలిపి పొందే సమ్మతి అన్న మాట అమెరికా కోర్టు తీర్పులో మొదటిసారి కనిపించింది 1957లో, అదీ ఇదే కాలిఫోర్నియాలో, సాల్గో కేసులో. మన్రో చీటీ దానికి ఐదేళ్ల ముందుది. చట్టం ఇవ్వని హక్కును ఆమె పెన్సిల్‌తో రాసి తన ఒంటికే అంటించుకున్నారు. మత్తులో మాట్లాడలేనని తెలిసి, తన బదులు మాట్లాడటానికి కాగితాన్ని పెట్టుకున్నారు.

అది పనిచేసింది. రాబ్విన్ అపెండిక్స్ మాత్రమే తీశారు. స్త్రీల వైద్య నిపుణుడు లియాన్ క్రోన్ కూడా ఆపరేషన్ గదిలో ఉన్నారని, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆమెకు వైద్యం చేసింది ఆయనేనని చెబుతారు.

ఆ రోజుల్లో ఈ జబ్బు గురించి వైద్యులు ఏమనుకునేవారో కూడా చెప్పుకోవాలి. బోస్టన్‌లో పేరున్న స్త్రీల వైద్యుడు జో మీగ్స్ 1940లలో ఒక వాదన ముందుకు తెచ్చారు. చదువులు, ఉద్యోగాలు అంటూ పెళ్లినీ పిల్లలనూ వాయిదా వేసే సంపన్న కుటుంబాల స్త్రీలకే ఇది వస్తుందని, తొందరగా పెళ్లి చేసుకుని పిల్లల్ని కంటే రాదని దాని సారాంశం. పేదవాళ్లకు ఆపరేషన్ దాకా వెళ్లే స్తోమత లేదు కాబట్టి వాళ్ల జబ్బు లెక్కలోకి రాలేదన్న సంగతి చాలాకాలం ఎవరికీ తట్టలేదు. మన్రో విషయంలో ఆ సిద్ధాంతం నిలవదు. ఆమె అనాథాశ్రమంలో పెరిగింది, పదహారేళ్లకే పెళ్లి చేసుకుంది.

తెలుగు ఇళ్లలో మీగ్స్ పేరు ఎవరూ విని ఉండరు. ఆయన సిద్ధాంతం మాత్రం ప్రతి వంటింట్లోనూ ఉంది. పెళ్లయితే సర్దుకుంటుందని, ఒక కాన్పయితే తగ్గిపోతుందని, అందరికీ వచ్చే నొప్పేనని అమ్మమ్మలు చెబుతారు, కొందరు డాక్టర్లూ చెబుతారు. గర్భం వచ్చినప్పుడు కొందరికి నొప్పి తగ్గే మాట నిజమే. తర్వాత తిరిగి రావచ్చన్నదీ నిజమే. ఈ జబ్బు వల్ల గర్భమే నిలవని మనిషికి కాన్పును మందుగా రాయడంలోని క్రూరత్వం మన్రో జీవితంలో తర్వాత కనిపిస్తుంది.

నొప్పికి దూరం కూడా తోడైతే

లక్షణాలు మొదలైన నాటి నుంచి జబ్బు పేరు తెలిసేవరకు నాలుగేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా పడుతోందని వివిధ దేశాల లెక్కలు. మన్రో కాలంతో పోలిస్తే పరికరాలు మారాయి. ఎదురుచూపు పెద్దగా మారలేదు.

అండమాన్‌లోని బాంబూఫ్లాట్‌ను తీసుకుంటే ఆ ఎదురుచూపు ఎలా ఉంటుందో ఊహించవచ్చు. పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే ఇప్పటి శ్రీ విజయపురానికి, ఎదురుగా నీటికి అవతలి ఒడ్డున ఉన్న పట్టణం. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది తెలుగు మాతృభాషగా చెప్పుకున్నారు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వేటకు, కూలికి, కాంట్రాక్టు పనులకు వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు వీళ్లలో ఎక్కువ. బాంబూఫ్లాట్‌లో సామాజిక ఆరోగ్య కేంద్రం ఉంది. అంతకు మించిన వైద్యం కావాలంటే జెట్టీకి వచ్చి ఫెర్రీ ఎక్కి చాథమ్‌లో దిగి జి.బి.పంత్ ఆస్పత్రికి వెళ్లాలి. అక్కడా తేలకపోతే చెన్నైకో విశాఖకో విమానం, లేదా మూడు రోజుల ఓడ ప్రయాణం. ఇంట్లో పొత్తికడుపు నొప్పి అని శ్రీకాకుళం తెలుగులో చెప్పుకున్న అమ్మాయి, అవతలి ఒడ్డున అదే మాటను హిందీలో చెప్పుకోవాలి. అదీ పక్కన భర్తో అత్తగారో ఉండగా, ఓపీ క్యూలో దొరికే రెండు మూడు నిమిషాల్లో. నెలసరి నొప్పి అన్న ఒక్క మాటే నోటికి వస్తుంది, నొప్పి మాత్రలు చేతికి వస్తాయి.

ఆ రెండు నిమిషాల్లో ఏం చెబుతారన్నది చాలా తేడా తెస్తుంది. నొప్పిగా ఉందనడం వేరు. నెలకు నాలుగు రోజులు పనికి పోలేకపోతున్నాను, ముట్టుకు రెండు రోజుల ముందే మొదలవుతుంది, విరేచనానికి కూర్చుంటే కత్తి దిగినట్టుంటుంది, మాత్రలు ఆరు నెలలుగా వేసుకుంటున్నా తగ్గడం లేదు, మా అక్కకూ ఇలాగే ఉండేది అనడం వేరు. రెండో రకం మాటలు డాక్టరును ఆలోచింపజేస్తాయి. రెండు మూడు నెలల తేదీలు ఒక నోటు పుస్తకంలో రాసి పట్టుకెళ్తే హిందీ రాకపోయినా అంకెలు మాట్లాడతాయి. స్కానింగ్‌లో ఏమీ లేదని వస్తే జబ్బు లేదని కాదు. మామూలు అల్ట్రాసౌండ్‌కు ఎండోమెట్రియోసిస్ చాలాసార్లు చిక్కదు. ఇది ఎండోమెట్రియోసిస్ కావచ్చా, కాదంటే మరి ఈ నొప్పి దేనివల్ల అని అడగడం మర్యాద తప్పడం కాదు. ఐరోపా నిపుణుల సంఘం 2022 మార్గదర్శకాల్లో మరో ముఖ్యమైన మార్పు చేసింది. నిర్ధారణకు లాప్రోస్కోపీ తప్పనిసరన్న పాత పద్ధతిని పక్కన పెట్టింది. లక్షణాలను బట్టి హార్మోను మందులు మొదలుపెట్టి చూడవచ్చని చెప్పింది. ఓడెక్కి వెళ్లాల్సిన ఊళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇక చీటీ సంగతి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. తెలంగాణలో 7.7 శాతం. ముప్పై అయిదేళ్లకే పెద్దాపరేషన్ అయిపోయిందని మామూలుగా చెప్పుకునే సమాజం మనది. వీటిలో ఎన్ని అవసరమైనవో, ఎన్నింటిలో అండాశయాలు కూడా పోయాయో ఆ ఆడవాళ్లలో చాలామందికే తెలియదు. ఏ అవయవం తీస్తున్నారు, ఎందుకు, అండాశయాలు ఉంచుతారా, వేరే దారి ఉందా అని సంతకానికి ముందు అడిగినవాళ్లు తక్కువ. తెలుగు రాష్ట్రాల పాఠకులకు మన్రో చీటీ సినిమా కబురు కాకపోవడానికి కారణం ఈ అంకెలే.

స్టూడియోతో గెలుపు, శరీరంతో పోరు

చీటీ రాసిన మరుసటి ఏడాదే ఆమె ప్రపంచ తార అయ్యారు. 1953లో నయాగరా, జెంటిల్మెన్ ప్రిఫర్ బ్లాండ్స్, హౌ టు మ్యారీ ఎ మిలియనీర్ వరసగా వచ్చాయి. జీతం మాత్రం పాత ఒప్పందం ప్రకారమే. 1954 జనవరిలో నచ్చని సినిమా చేయనన్నందుకు ఫాక్స్ ఆమెను సస్పెండ్ చేసింది. అదే నెల 14న బేస్‌బాల్ వీరుడు జో డిమాజియోను పెళ్లి చేసుకున్నారు. తొమ్మిది నెలలకు విడాకుల కోసం కోర్టుకెక్కారు. ఆ నవంబరులో మళ్లీ సీడార్స్ ఆస్పత్రి. ఈసారి లియాన్ క్రోన్ చేతి మీదుగా, ఎండోమెట్రియోసిస్‌కే ఆపరేషన్. ఆస్పత్రికి తీసుకెళ్లింది విడిపోయిన భర్త డిమాజియోనే.

ఆ తర్వాత రెండు నెలలకు, 1955 జనవరిలో, ఆమె న్యూయార్క్‌లో విలేకరులను పిలిచి ఫొటోగ్రాఫర్ మిల్టన్ గ్రీన్‌తో కలిసి సొంత నిర్మాణ సంస్థ పెట్టానని ప్రకటించారు. హాలీవుడ్ నవ్వింది. ఒక ఏడాది పాటు ఆమె సినిమాలు మానేసి లీ స్ట్రాస్‌బర్గ్ దగ్గర నటన నేర్చుకున్నారు, ఫాక్స్ లాయర్లతో పోరాడారు. ఆ ఏడాది చివరి రోజున స్టూడియో దిగివచ్చింది. ఏడేళ్లలో నాలుగు సినిమాలు, సినిమాకు లక్ష డాలర్లు, దర్శకుణ్ని ఒప్పుకునే హక్కు. ఆ కాలంలో నటికి అలాంటి ఒప్పందం దొరకడం చాలా అరుదు. ఆమెను తెలివితక్కువ అందగత్తెగా చూపించినవాళ్లు ఈ సంగతి ఎందుకో చెప్పరు.

కంపెనీతో గెలిచినంత తేలిక కాలేదు శరీరంతో. 1956 జూన్‌లో నాటక రచయిత ఆర్థర్ మిల్లర్‌ను పెళ్లి చేసుకున్నారు. పిల్లలు కావాలన్న కోరికను ఆమె ఎన్నడూ దాచుకోలేదు. 1957 వేసవిలో గర్భం వచ్చింది. ఆగస్టు 1న లాంగ్ ఐలండ్‌లోని ఇంట్లో నొప్పితో కుప్పకూలారు. అంబులెన్సులో న్యూయార్క్ తెచ్చి ఆపరేషన్ చేశారు. పిండం గర్భసంచి బయట పెరుగుతోందని తేలింది. మరుసటి ఏడాది సమ్ లైక్ ఇట్ హాట్ షూటింగ్ సమయానికి మళ్లీ గర్భిణి. 1958 డిసెంబరులో గర్భస్రావం. 1959 జూన్‌లో న్యూయార్క్ లెనాక్స్ హిల్ ఆస్పత్రిలో పిల్లలు పుట్టే అవకాశం కోసం మరో ఆపరేషన్. ఫలితం లేదు. ప్రతిసారీ ఆస్పత్రి గుమ్మం దగ్గర కెమెరాలు ఉండేవి. ప్రతిసారీ ఆమె వాటి ముందు నవ్వారు.

సమ్ లైక్ ఇట్ హాట్ అనగానే ఆమె సెట్‌కు గంటల ఆలస్యంగా వచ్చేవారని, ఒక్క మాటకు పదుల టేకులు తీసుకునేవారని దర్శకుడు బిల్లీ వైల్డర్ జీవితాంతం చెప్పుకున్న కథలు గుర్తొస్తాయి. అవి నిజమే. ఆమె ఆలస్యాలన్నింటినీ ఎండోమెట్రియోసిస్ ఖాతాలో వేయడం సరికాదు. నిద్రలేమి ఉంది, కెమెరా అంటే భయం ఉంది, మాత్రల మత్తు ఉంది. కానీ ఆ షూటింగులో ఆమె గర్భిణి అన్న సంగతి ఆ కథల్లో చాలాసార్లు రాదు. ఆ సినిమాకే ఆమెకు గోల్డెన్ గ్లోబ్ వచ్చింది.

మాత్రల విషయం దాటేయడానికి లేదు. నొప్పికి, నిద్రకు, ఆందోళనకు బార్బిట్యురేట్లు అప్పటి డాక్టర్లు ధారాళంగా రాసిచ్చేవారు. జబ్బును పట్టుకోవడానికి ఏళ్లు పట్టింది, మత్తు మందు చీటీ రాయడానికి నిమిషం పట్టేది. ఒక డాక్టరు రాసింది మరొకరికి తెలిసేది కాదు. నయం కాని నొప్పిని మందగింపజేయడమే వైద్యమైన చోట అలవాటు ఎప్పుడు వ్యసనమైందో ఎవరు చెప్పగలరు?

1961 జనవరిలో మిల్లర్‌తో విడాకులు. ఫిబ్రవరిలో మనోవైద్యురాలు మరియాన్ క్రిస్ సలహా మీద న్యూయార్క్‌లో ఆస్పత్రిలో చేరారు. విశ్రాంతి కోసమని అనుకున్నారు. తీరా చూస్తే అది పేన్ విట్నీ మానసిక వైద్యశాల, పెట్టింది తాళం వేసిన గదిలో. తల్లికి పట్టిన గతే తనకూ పడుతుందేమోనని జీవితమంతా భయపడిన మనిషికి అది ఎలా ఉండి ఉంటుందో. బయటికి పంపమంటే ఎవరూ వినలేదు. విన్నవాళ్లు దాన్ని కూడా జబ్బు లక్షణం కింద రాసుకున్నారు. చివరికి ఆమె కుర్చీతో తలుపు అద్దం పగలగొట్టి, గాజు ముక్క చూపించి బెదిరించారు. పదేళ్ల కింద తాను వేసిన ఒక పిచ్చిదాని పాత్రే ఆ ఉపాయం ఇచ్చిందని తర్వాత డాక్టర్ రాల్ఫ్ గ్రీన్‌సన్‌కు రాసిన సుదీర్ఘమైన ఉత్తరంలో వివరించారు. నన్ను పిచ్చిదానిగా చూస్తున్నారు కాబట్టి అలాగే నటిస్తే తప్ప పట్టించుకోరన్నది ఆమె తర్కం. అది ఇంకా ఎదురు తిరిగింది. స్ట్రాస్‌బర్గ్ దంపతులకు చీటీ పంపారు, వాళ్లు ఏమీ చేయలేకపోయారు. ఫోను దొరికినప్పుడు డిమాజియోకు చేశారు. ఆయన వచ్చి పట్టుబట్టి ఫిబ్రవరి 10న బయటికి తెచ్చి వేరే ఆస్పత్రిలో చేర్పించారు. ప్రపంచంలో అందరూ గుర్తుపట్టే ఆడమనిషి తన మాట తాను నమ్మించుకోలేక, మాజీ భర్త మాటతో బయటపడాల్సి వచ్చింది. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు తోడుగా ఒక మనిషి ఉండాలని పెద్దవాళ్లు చెప్పేది ఇందుకేనేమో. ఆ తోడు మన మాటను కప్పేయకుండా బలపరిచేవాళ్లయితేనే ఉపయోగం.

ఆ ఏడాదే మే నెలలో సీడార్స్‌లో మళ్లీ స్త్రీల వైద్యానికి సంబంధించిన ఆపరేషన్, జూన్ చివర్లో న్యూయార్క్‌లో పిత్తాశయం ఆపరేషన్. 1962లో బ్రెంట్‌వుడ్‌లో జీవితంలో మొదటిసారి సొంత ఇల్లు కొనుక్కున్నారు. సైనస్ జబ్బుతో షూటింగుకు రావడం లేదని జూన్‌లో ఫాక్స్ ఆమెను సినిమా నుంచి తీసేసింది. ఆగస్టు 4 రాత్రి నిద్రమాత్రలు మోతాదు మించి చనిపోయారు. వయసు 36. బహుశా ఆత్మహత్య అని కరోనర్ తేల్చారు. దాని మీద అరవై ఏళ్లుగా సాగుతున్న కుట్ర కథలు ఇక్కడ అక్కర్లేదు.

డాక్టర్ థామస్ నొగుచి రాసిన పోస్ట్‌మార్టం నివేదికలో అపెండిక్స్ లేదని ఉంది. కుడి అండాశయం, ఎడమ అండాశయం రెండింటి వర్ణనా ఉంది. పదేళ్లలో అన్నిసార్లు కత్తి కింద పడుకున్నా ఆ రెండూ ఆమె శరీరంలోనే ఉన్నాయి.

వీలునామా 1961 జనవరి 14న రాసింది, అంటే పేన్ విట్నీకి మూడు వారాల ముందు. తర్వాత ఆమె దాన్ని మార్చలేదు. తల్లి గ్లాడిస్ పోషణకు ఏటా ఐదు వేల డాలర్లు. మిగిలిన ఆస్తిలో పెద్ద వాటా స్ట్రాస్‌బర్గ్‌కు, నాలుగో వంతు తనను ఆ ఆస్పత్రికి పంపిన మరియాన్ క్రిస్‌కు, ఆమెకు నచ్చిన మానసిక వైద్య సంస్థ కోసం. 1980లో క్రిస్ చనిపోతూ ఆ వాటాను లండన్‌లో అన్నా ఫ్రాయిడ్ నడిపిన పిల్లల చికిత్సాలయానికి రాశారు. మార్లిన్ మన్రో పేరు మీద వచ్చే డబ్బులో కొంత అలా ఏళ్ల తరబడి చిన్నపిల్లల వైద్యానికి వెళ్లింది.